అలివి వల తాడు

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే పాసింజరు బండిలో, చొక్కా నలగని పెద్దమనిషొకడు చేపలమ్మే అంకాలమ్మ ఎండుచేపల గంప చూసి విరుచుకుపడ్డాడు. "ఈ వాసన భరించలేం, దించెయ్యి" అన్నాడు.

ఎదురుసీట్లో గురునాథం ఉన్నాడు. సెలవు మీద వచ్చిన జవాను, ఆమె ఊరివాడే. "మొన్న ఆదివారం మీ ఇంట్లో ఏం కూరండీ?" అని నెమ్మదిగా అడిగాడు. పెద్దమనిషి కిటికీ వైపు తిరిగాడు. పక్కనున్న భార్య, "వంకాయ రొయ్యపొట్టండీ" అంది. పెట్టె పెట్టంతా నవ్వింది. గంప కదల్లేదు.

అంత మాటకారి గురునాథం, రెండువేల ఆరులో ఉద్యోగం వదిలి సొంతూరు సూర్యలంక చేరాక నోరు కుట్టేసుకున్నాడు. సముద్రంలో చుట్టూ వేసిన అలివి వలను ఒడ్డుకు లాగేటప్పుడు ఊరంతా తాడు పడుతుంది. ఇతను మాత్రం దూరంగా ఇసకలో కూర్చునేవాడు. మిలటరీ చేతులు కందిపోతాయేమోనని దెప్పి దెప్పి, చివరికి జనం పిలవడమే మానేశారు. తల్లి పోయింది, పెళ్లి లేదు. పొద్దున వండిందే రాత్రికీ.

ఒక సాయంత్రం అంకాలమ్మ కూరగిన్నె తెచ్చి ఇసకలో అతని ఎదురుగా చతికిలబడింది.

"ఏంట్రా గురవా, తాడు ముట్టుకుంటే కరుస్తుందా?"

అప్పుడు చెప్పాడు. మణిపూర్లో తీవ్రవాదులను పట్టడానికని కొద్దిమంది జవాన్లను ఒక సరస్సు పక్క పల్లెలో ఉంచారు. ఊరి బళ్లోనే కాపురం. పక్కింటి పొయ్యి పొగ కిటికీలోంచి వచ్చేది గానీ మనిషి మాట వచ్చేది కాదు; మిలటరీతో మాట్లాడాలంటే ఊరికి భయం. ఒక పొద్దున ముసలాయన ఒంటరిగా వల లాగలేక లాగుతుంటే, గురునాథం తుపాకి వీపున వేసుకుని తాడందుకున్నాడు. ఆలోచించి చేసింది కాదు. వల ఒడ్డెక్కాక ముసలాయన రెండు చేపలు చేతిలో పెట్టాడు. తాడు పట్టినవాడికి వాటా ఇవ్వడం, ఇచ్చింది కాదనకపోవడం సూర్యలంక మర్యాద. తీసుకున్నాడు. ఊరంతా చూసింది.

"వారం తిరక్కుండా తీవ్రవాదులొచ్చి ఆయన పడవ తగలబెట్టారు పిన్నీ, మిలటరీకి కబుర్లు మోస్తున్నాడని. ముసలాయనా ఆయన భార్యా మూట కట్టుకుని మా బడి ముందునుంచే ఊరొదిలి పోయారు. ఆ పూట కాపలా నాదే. నా వంక చూళ్లేదు."

"తగలబెట్టింది నువ్వా?"

"చేపలు తిన్నది నేనేగా."

 అంకాలమ్మ చీరకంటిన ఇసక దులుపుకుంది.

"ఇక్కడ నీకు వాటా ఇచ్చినోడి పడవ ఎవడూ తగలబెట్టడు. ఇట్టాగే కూర్చున్నావనుకో, చచ్చేదాకా నీకు ఈ ఇసకే చుట్టం."

అతను నీళ్ల వైపు తిరిగి అన్నాడు: 

"రేపు తాడు పడతాను. చేపలు పంచేటప్పుడు నా పక్కన నిలబడు పిన్నీ. నా వాటా నా చేతికి ఇవ్వనీకు. నువ్వే తీసుకో."