నిన్న అని చెప్పాను

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది ఒకే ఒక్క మాట. టీవీ సీరియల్లో వచ్చిన ఒక మాటకు ఇంత బాధ ఏమిటని మీరు నవ్వవచ్చు. నవ్వండి, కానీ చివరిదాకా వినండి. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ధర్మవరం దగ్గర చేనేత ఊరు మాది. ఎనభైల చివర్లో మా పంచాయతీ ఆఫీసుకు టీవీ వచ్చింది. దానికొక చెక్కపెట్టె, పెట్టెకు తాళం. తాళంచెవి ఖాజా దగ్గర ఉండేది. ఖాజా నా ఈడువాడు, పదో తరగతి దాకా నా బెంచీ మీదే కూర్చున్నవాడు. బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. టీవీకి యాంటెన్నా నిలబెట్టిందీ, గాలికి తిరిగిపోతే మిద్దెక్కి సరిచేసేదీ అతనే.

"వచ్చెనా?" అని పైనుంచి అరిచేవాడు.

"రాలే... రాలే... ఆఁ, వచ్చె! వచ్చె! ఇంగ ముట్టుకోవద్దప్పా!" అని కిందినుంచి ఊరంతా అరిచేది.

వారానికొక సాయంత్రం ఢిల్లీ నుంచి ఒక హిందీ సీరియల్ వచ్చేది. బాంబులు పెట్టేవాళ్ళను పట్టుకునే పోలీసుల కథ. ఆ సాయంత్రం మగ్గాలన్నీ పెందలాడే ఆగిపోయేవి. శెనక్కాయ పంట ఎండిపోయి చేలల్లో పని లేనివాళ్ళు ఇంకా ముందే వచ్చి చోటు పట్టుకునేవాళ్ళు. వాళ్ళెవరికీ హిందీ రాదు. నేను హిందీ పరీక్షలు రెండు పాసయినవాణ్ణి. అందుకని టీవీ పక్కన స్టూలు వేసి నన్ను కూర్చోబెట్టేవాళ్ళు. తెరమీది మనిషి నోరు మూసేలోగా నేను తెలుగులో అరిచి చెప్పాలి.

అబ్బ, ఆ సంబరం! కారు వెంట కారు పరుగెత్తేది. ఎవడో గోడ దూకేవాడు. "ఏమంటాండాడు? చెప్పప్పా తొందరగా!" అని జనం నా మీద పడేవాళ్ళు. వెనక వరసలో మా నాయన, "మావోడే" అని పక్కవాళ్ళకు చెప్పడం నాకు వినపడేది. అది వినపడిన ప్రతిసారీ నా గొంతు ఇంకా పెరిగేది.

ఖాజాకు ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. సీరియల్ అతనికి నాకంటే బాగా అర్థమయ్యేదేమో. అయినా, "నువ్వే చెప్పప్పా, నీది పెద్ద గొంతు" అని వాకిలి దగ్గర నిలబడి చూసేవాడు.

ఆ వారం కథ ఇది. రైల్వే స్టేషన్లో టీ అమ్మే ముసలాయన, గడ్డం, తెల్లటోపీ, ఒగరుస్తూ పోలీసు ఆఫీసరు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. స్టేషన్లో బాంబు అన్నాడు. ఆఫీసరు అతని భుజాలు పట్టుకుని "కబ్?" అని అడిగాడు. ఎప్పుడు అని.

ముసలాయన "కల్" అన్నాడు.

హిందీలో కల్ అంటే నిన్న. రేపు కూడా కల్ అనే అంటారు. వాక్యం మొత్తం ఉంటే ఏదో తెలిసిపోతుంది. అక్కడ వాక్యం లేదు, మాట ఒక్కటే ఉంది. జనమంతా నా నోటివైపే చూస్తున్నారు. "నిన్ననే పెట్టినారంట!" అని అరిచేశాను.

అంతే, గుంపు భగ్గుమంది.

"నిన్న పెడితే ఈపొద్దు చెప్తాడా? వీడూ వాళ్ళలో ఒకడే!" అన్నాడు రంగప్ప. ఊళ్ళో సగం మగ్గాలు ఆయనవి.

"ఆ ముసలాయన మొగం చూస్తే అట్ల లేదే," అంది అరుగుమీది లచ్చుమక్క.

"నీకు మొగం చూస్తే అందరూ మంచోళ్ళే. నీ మొగుణ్ణి గూడా అట్లే చూసి చేసుకుంటివి!" అన్నాడు రంగప్ప.

ఆ నవ్వుల్లోనే తర్వాతి ఘట్టం వచ్చింది. తెల్లారేలోగా స్టేషన్ చుట్టూ కాపలా పెట్టమని ఆఫీసరు చెబుతున్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. బాంబు ఇంకా పెట్టలేదు. పెట్టబోయేది రేపు. ముసలాయన దాచినవాడు కాదు, ముందుగా చెప్పడానికి ప్రాణానికి తెగించి వచ్చినవాడు.

"నిన్న గాదప్పా, రేపు!" అన్నాడు ఖాజా వాకిలి దగ్గర్నుంచి. "పాపం, ముందే చెప్పేకి వచ్చినాడు ముసలాయన!" నన్ను తప్పు పట్టాలని కాదు. అందరిలాగే కథలో మునిగి ఉన్నాడు, నవ్వుతూనే అన్నాడు.

"అవును, పొరపడినాను" అంటే అయిపోయేది. ఎందుకు అనలేదు? నాయన వింటున్నాడనా? స్టూలు పోతుందనా? ఎన్నిసార్లు అడిగి చూసుకున్నా, ఇంత చిన్న కారణాలు తప్ప నాకు ఇంకేమీ దొరకలేదు.

నేను అన్నది ఇది: "టోపీ కనపడితే చాలు, నీకు మావోడే అనిపిస్తాడు గదా ఖాజా?"

రంగప్ప నవ్వాడు. ఆయన నవ్వితే ఆయన మగ్గాల మీద నేసేవాళ్ళంతా నవ్వుతారు. "ఏమప్పా, నీకు సుట్టమా ఏమి?" అన్నారెవరో.

ఖాజా వాళ్ళవైపు చూడలేదు. "నేను కత గురించి చెప్తాండా. నువ్వు దేని గురించి చెప్తాండావు?" అని నన్నే అడిగాడు. నేను టీవీవైపు తిరిగి తర్వాతి మాటకు తెలుగు చెప్పాను.

తర్వాతి వారం కూడా అతనే వచ్చి పెట్టె తెరిచాడు. సీరియల్లో బాంబు దొరికింది. ఆఫీసరు ముసలాయన్ని కావలించుకుని సలాం కొట్టాడు. హిందీ రానివాళ్ళకు కూడా అర్థమయ్యే ఘట్టమది. జనం అయోమయంగా నావైపు చూశారు. ఖాజా కూడా చూశాడు. సరిదిద్దుకోవడానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది?

"ఆఫీసరు నాటకమాడుతాండాడు! నమ్మించి పట్టుకుంటాడు సూడండి!" అన్నాను.

చప్పట్లు మోగాయి. మొదటి వారం నాది పొరపాటు అనుకున్నా, ఇది పొరపాటు కాదు. ఆ ఘట్టం వస్తుందని భయపడుతూ వారమంతా మనసులో తయారుచేసి పెట్టుకున్న అబద్ధం.

ఆ తర్వాత రంగప్ప, "ఊరి టీవీ గదా, మనోళ్ళ దగ్గరుంటే మేలు" అన్నాడు. తాళంచెవి నాకిచ్చారు. తీసుకున్నాను. రేడియో పాడైతే జనం ఖాజా అంగడి దాటి పోయి ఇంకోచోట చూపించుకోసాగారు. కొన్నాళ్ళకు అతను అంగడి మూసి తల్లినీ భార్యనూ తీసుకుని బళ్ళారి వెళ్ళిపోయాడు. బస్సెక్కేటప్పుడు నేను ఎదురుగా టీ బంకులో ఉన్నాను. లేవలేదు.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మొన్న ఒక పెళ్ళిలో ఒక కుర్రవాడు, అప్పటికి పుట్టనైనా పుట్టనివాడు, నాతోనే అన్నాడు. "అన్నా, మన ఊర్లో యెనకట ఖాజా అని ఒకడుండెనంట గదా, బాంబులోళ్ళను ఇంట్లో దాచినాడంట. ఊరోళ్ళు తరిమినారంట. నిజమేనా?"

సీరియల్ పోయింది. ముసలాయన పోయాడు. ఖాజా ఒక్కడే మిగిలాడు, ఆ కథలో దొంగగా.

విస్తరి ముందునుంచి లేచాను. చేయి కడుక్కుని ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. ఖాజా ఉన్నాడో లేడో నాకు తెలియదు. క్షమాపణ దొరుకుతుందని రాయలేదు, అడిగే హక్కు ఉందని కూడా అనుకోను. ఖాజా ఎవరినీ దాచలేదు. ఒక కథను సరిగ్గా విని, సరిగ్గా చెప్పాడు. అబద్ధం చెప్పింది నేను. తెలిసే చెప్పాను, రెండుసార్లు చెప్పాను.

రాసింది ఒకసారి గట్టిగా చదువుకున్నాను. వంటింట్లోంచి నా భార్య, "ఎవరితో మాట్లాడుతాండావు?" అని అడిగింది.

"నీతోనే. ఈడికొచ్చి కూర్చో," అన్నాను.