రాడ్డు తగిలించే దాకా

అందరూ ఆమెను జీపక్క అనే పిలిచేవారు. భర్త పోయాక అతని జీపు తాళాలు తనే అందుకుని, కొండ మీది ఊళ్లకూ కింది పట్నానికీ మధ్య జనాన్ని చేరవేస్తూ ఇద్దరు కూతుళ్లను పెంచింది. నోరు పెద్దది, నడపడం నిదానం. ఎవరైనా తొందరపెడితే, "దిగి పరిగెత్తు నాయనా, వెనకాలే నేనొస్తా" అనేది.

కొండ దారిలో పైసగం రాళ్లు, కిందిసగం తారు. రాళ్ల మీద జీపు కడుపు గీసుకుపోతోందని, మెకానిక్ అయిన ఆమె తమ్ముడు పొడుగు స్ప్రింగులు వేసి బండిని పైకి లేపాడు. లేపాక ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే స్టెబిలైజర్ రాడ్డును ఇరుసుకు కలిపే పాత లింకులు పొట్టివైపోయాయి. మలుపుల్లో బండి ఒక పక్కకు ఒరిగిపోకుండా పట్టి ఉంచేది ఆ రాడ్డే. తమ్ముడు దాన్ని విప్పి షెడ్డులో ఓ మూలన పడేశాడు.

"రాళ్లలో అది లేకపోతేనే మంచిదక్కా. ఏ చక్రం దారి దానిది."

"మరి తారు మీద?"

"కాస్త ఊగుతుంది. ఉయ్యాల అనుకో."

ఆ ఉయ్యాల సంగతి ఆమెకు త్వరలోనే తెలిసొచ్చింది. ఒక మధ్యాహ్నం తారు మలుపులో కుక్క అడ్డం వస్తే స్టీరింగు తిప్పింది. బండి ఒళ్లంతా ఒక పక్కకు వాలిపోయింది. సరిచేయబోతే రెండో పక్కకు ఇంకా ఎక్కువ వాలింది. ఒక వైపు చక్రాలు నేల వదిలేశాయి. పక్క కిటికీలో రోడ్డు లేదు, గట్టు లేదు, లోయ అడుగున చెట్ల తలలు మాత్రం కనిపించాయి. అంతలో బండి దబ్బున నేల మీద పడి నిలబడింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ స్టీరింగుకు అతుక్కుపోయిన ఆమె వేళ్లను వెనక సీటు ముసలావిడ ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

ఆ తర్వాత మంచం మీద పక్కకు ఒత్తిగిలినా ఆమెకు పడిపోతున్నట్టే ఉండేది. తమ్ముడు మొదట నవ్వాడు. అదే మలుపులో తనే నడిపి చూసి, షెడ్డుకు వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. మర్నాడే పొడుగు లింకులు చేయించి, పిన్నులు పెట్టి రాడ్డు మళ్లీ బిగించాడు. రాళ్ల దారిలో పిన్ను తీసి లింకులు పైకి కట్టేయాలి, తారు ఎక్కేముందు మళ్లీ తగిలించాలి. పైబరువు తగ్గాలని టాపు మీది మూటల్ని కూడా ఆమె కిందికి దింపించింది.

బండి కుదురుకుంది గానీ ఆమె గుండె కుదురుకోలేదు. మలుపు వస్తుందంటే చాలు, నోరు ఎండిపోయేది.

వాన పడుతున్న ఒక సాయంత్రం పై ఊళ్లో ఒక పిల్లకు పురిటి నొప్పులు మొదలయ్యాయి. వెనక తల్లి ఒళ్లో ఆ పిల్ల, ముందు సీట్లో పిల్ల మొగుడు. రాళ్ల దారంతా ఎలాగో దిగి, తారు మొదలయ్యే చోట జీపక్క బండి ఆపింది.

"ఎందుకాపావక్కా?" అని అరిచాడు మొగుడు.

"రాడ్డు తగిలించాలి."

"నా పెళ్లాం చచ్చిపోయేలా ఉంది, నీకు రాడ్డు కావాలా! నీకసలు బుద్ధుందా? పోనీ!"

వెనక ఆ పిల్ల కేక పెట్టింది. ఆగితే బిడ్డ దారిలోనే పుడుతుందేమో. ఆగకపోతే కిటికీలో మళ్లీ ఆ చెట్ల తలలు. ఏ భయం పెద్దదో తేల్చుకునే తీరిక లేక, జీపక్క దిగి బండి కింద బురదలో వెల్లకిలా పడుకుంది.

ఒక పక్క పిన్ను దిగింది. రెండో పక్క నేల వాలుగా ఉండి రాడ్డుదీ లింకుదీ కన్నాలు కలవలేదు. పిన్ను జారి బురదలో పడింది. తడుముకుని, దొరకబుచ్చుకుని అరిచింది:

"అబ్బాయ్, తిట్టింది చాలు! ఆ మూల బంపరెక్కి నిలబడు!"

అతను ఏడుస్తూనే ఎక్కాడు. బండి కొంచెం కుంగింది. చాల్లేదు. "ఎగురు!" అంది. అతను ఎగిరాడు. కన్నాలు కలిసిన క్షణాన పిన్ను లోపలికి జారింది.

తర్వాత మలుపులన్నీ ఆమె ఊపిరి బిగపట్టే దిగింది. ఒకచోట కొండచరియ విరిగి రోడ్డు మీద పడి ఉంది. స్టీరింగు ఒక్కసారిగా తిప్పక తప్పలేదు. బండి వాలింది. ఆమె కళ్లు మూతలు పడబోయాయి. కానీ బండి కొంచెం వాలి అక్కడే ఆగి, నిదానంగా నిటారుగా లేచింది.

ఆసుపత్రి తలుపు దగ్గర వాళ్లను దింపి, గోడ పక్కకు వెళ్లి కడుపులో ఉన్నదంతా కక్కేసింది. అక్కడే కూర్చుండిపోయింది. చాలాసేపటికి ఆ మొగుడు వెతుక్కుంటూ వచ్చాడు. ఒళ్లంతా బురద, మొహం నిండా నవ్వు.

"ఆడపిల్లక్కా. ఇద్దరూ బాగున్నారు." తల వంచుకున్నాడు. "దారిలో నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను."

"నేనూ తిట్టాను బాబూ. బండి కింద ఉన్నాగా, నీకు వినపడలేదంతే" అంది జీపక్క.