కమల పొయ్యి మీద ఉడికిన ప్లైవుడ్

జనవరి రెండో ఆదివారం. దట్టమైన మంచు. పార్వతీపురంలో తెల్లవారకముందే ఇంట్లో నీళ్ల డ్రమ్ము నింపి, సంచిలో ప్లైవుడ్ ముక్కలు సర్దుకుని బయల్దేరాను. అరకు అవతల జలాశయం ఒడ్డున ఉండే డొంబురుకి, ఒక్కడే మోసుకోగల చేపల పడవ చేసిస్తానన్నాను. అతని దుంగ పడవను గట్టెక్కించడానికి నలుగురు కావాలి. వానాకాలంలో దాన్ని లాగుతూ కుడి భుజం పాడుచేసుకున్నాడు. తేలిక పడవ కుదరదంటే రేపే బండెక్కి విశాఖలో వాచ్‌మన్ పనికి పోతాడు.

విజయనగరం మీదుగా శృంగవరపుకోట చేరి కిరండోల్ రైలు ఎక్కాను. టిక్కెట్టు యాభై లోపే. కుడివైపు కిటికీ దొరికితే లోయలు బాగా కనిపిస్తాయి. అరకు నుంచి షేరు జీపులో గంటన్నర, వంద రూపాయలు. డ్రైవరు ఒక ముక్క తీసి వంచి చూశాడు.

“ఏటి బాబూ, దీంతో పడవా? సేప తోకాడిత్తే సిల్లడిపోద్ది!”

డొంబురు భార్య కమల ఒడ్డునే భోజనాల పాక నడుపుతుంది. అన్నం, చేపల పులుసు ఎనభై రూపాయలు. ఆమెను పాత గిన్నె అడిగి, మూడు ముక్కలు నీళ్లలో మరగబెట్టాను. చెక్క పొరల మధ్య జిగురు నిలుస్తుందో లేదో తేల్చుకోవడానికి నాకు తెలిసిన పద్ధతి అదే.

“ఓ మావా, ఇలా రా! బాబు సెక్క పులుసెడతన్నాడు!”

“ఉప్పేసినావేటే?” అంటూ వచ్చాడు డొంబురు.

మధ్యాహ్నం దాటేసరికి, వాటర్‌ప్రూఫ్ అని షాపులో అంటగట్టిన చవక ముక్క పొరలు పొరలుగా విడిపోయింది. పడవలకు వాడే మెరైన్ ప్లైవుడ్ ముక్కలు రెండూ నిలిచాయి. వాటిలో ఆరు మిల్లీమీటర్లది గట్టిదే, కానీ దానితో పడవ ముప్పై కిలోలు దాటుతుంది. నాలుగు మిల్లీమీటర్లదైతే ఇరవై లోపే, కానీ అడుగేస్తే వంగుతుంది. అందుకే నాలుగు మిల్లీమీటర్ల ముక్క మరొకటి, పైన ఫైబర్‌గ్లాస్ అనే గాజు పోగుల గుడ్డ పరిచి ఎపాక్సీ జిగురుతో అంటించి తెచ్చాను. దాన్ని రెండు ఇటుకల మీద పెట్టగానే కమల ఎక్కి నిలబడింది. కొద్దిగా వంగి, ఆగింది.

ఇక మోయడమే మిగిలింది. ముప్పై కిలోల బియ్యం సంచి ఎడమ భుజానికెత్తుకుని డొంబురు నీటి అంచు నుంచి కదిలాడు. సగం గట్టులో దించేశాడు. తర్వాత ఇరవై కిలోల సంచి ఎత్తుకుని రోడ్డు దాకా ఆగకుండా నడిచాడు. అక్కడా దించలేదు. తిరిగి చూసి అరిచాడు:

“ఏటే! రేపటి బండికి నాను రానని సెప్పీ!”

“ముందు బేగి దించు మావా, అది పాకలో వొండే బియ్యం!” అంది కమల. విశాఖకు కలిపిన ఫోను అప్పటికే చెవి దగ్గర పెట్టుకుంది.

బలం కావాలంటే మందం పెంచాలని నేను చాలాకాలం నమ్మాను. అంత పల్చటి చెక్క, దానిపై చొక్కా గుడ్డలాంటి గాజు గుడ్డ కలిసి ఒక మనిషిని మోయడం చూసి ముచ్చటేసింది. ఇలాంటి పనికి కొండెక్కేవారికి ఒక్క మాట: ఎపాక్సీని ఉదయపు మంచులో కలపకండి. చలికి త్వరగా గట్టిపడదు, తేమకు తెల్లబడుతుంది. ఎండెక్కాక కలపండి.

ఇది రాస్తుంటే డొంబురు ఒడ్డున మట్టిలో పుల్లతో పడవ గీసుకుని, అందులో కూర్చుని వల విసిరి చూస్తున్నాడు. వెడల్పు చాలదంటున్నాడు. లేచి కొలవాలి, టేపు ఎక్కడ పెట్టానో!