అట్ట కింది ముఖం

పుస్తకాలకు అట్టలు వేయడంలో మా మిషన్ బడిని మించినవాళ్లు ఉండరు. ఏటా జూన్‌లో బైబిలు మొదలు ఎక్కాల పుస్తకం దాకా అన్నిటికీ ఖాకీ కాగితం చుట్టాల్సిందే. పాతది విప్పే ఓపిక ఎవరికీ లేదు, దాని మీదే కొత్తది. పియానో పుస్తకాలకూ అదే శిక్ష.

బడిలోని పియానో తెల్లదొరలు వెళ్తూ వదిలిపోయినదే. నాకు నేర్పిన టీచర్ మాత్రం పటాన్‌చెరు మనిషే. ఫ్యాక్టరీ ఉద్యోగానికి కోస్తా నుంచి బీరంగూడ వచ్చిన మా నాన్న, "పిల్లకి రంగు ఎలాగూ లేదు, విద్యయినా రానీండి" అని నన్ను ఆమెకు అప్పగించాడు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

డెబ్బైల్లో ఒక జూన్‌లో, చెద పట్టిందని ఒక పుస్తకానికి పాత అట్టలన్నీ ఒలిచేశాను. లోపల అసలు ముఖపత్రం మీద ఒక ఫోటో, కింద పేరు. మేమంతా 'దొరసాని పాట' అని పిలిచే పియానో పాట రాసినావిడ. అమెరికాలో నల్లవారి బిడ్డ అని రాసి ఉంది.

టీచర్ కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూసింది.

"గీమె మన లెక్కనే ఉంది సూడు బిడ్డా. ఇన్నేండ్లు దొరసాని పాట అనుకుంట నేర్పిన. అట్ట మీద అట్ట ఏసిన గని, ఒక్కనాడన్న ఇప్పి సూడలే," అంది. ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే. ఆ పుస్తకానికి ఇక అట్ట వేయనివ్వలేదు.

ఆ ఏడు వార్షికోత్సవంలో ఆ పాట వాయించాల్సింది నేనే.

"వాయించే ముందు ఆమె పేరు చెప్పు. నల్లామె అని గూడ చెప్పు. జెర గట్టిగ చెప్పాలె," అంది టీచర్. వారం రోజులు నాతో ఆ పేరు పలికించింది.

హెడ్మాస్టరు "ఇప్పుడు దొరసాని పాట" అని ప్రకటించి మైకు నా ముందు పెట్టాడు. రోజూ నన్ను కర్రెపిల్ల అని ఏడిపించేవాళ్లంతా ముందు వరసలోనే కూర్చున్నారు. నల్లామె అనే మాట నా నోట వింటే ఎలా నవ్వుతారో నాకు తెలుసు. పేరు చెప్పకుండానే మైకు పక్కకు జరిపేశాను. కూర్చుని ఒక్క తప్పు లేకుండా వాయించాను. చప్పట్లు బాగానే కొట్టారు.

దిగి వచ్చాక టీచర్ నా తల నిమిరి, "మంచిగ వాయించినవ్," అంది. తిట్టి ఉంటే బాగుండేది.

మరుసటి జూన్‌కు ఆమె లేదు, జబ్బు చేసి పోయింది. అట్ట లేని ఆ పుస్తకం ముఖపత్రం, మొదటి పేజీలు ఎప్పుడో చినిగిపోయాయి.

పాట ఇప్పటికీ నా వేళ్లకు వచ్చు. వారం రోజులు నేర్చుకున్న పేరు మాత్రం ఎంత తవ్వుకున్నా గుర్తు రాదు. ఈ పాట ఎవరిదని అడిగినవాళ్లకు, ఒక నల్లామె రాసిందని గట్టిగానే చెబుతాను. అప్పుడు వాళ్లు ఆమె పేరు అడుగుతారు.