బాయిలర్ మీది సుద్ద గుర్తులు

అప్పట్లో నన్ను నేను పెద్ద మొనగాణ్ణనుకునేవాణ్ణి. ఇరవై ఆరేళ్లకే ఆసిఫాబాద్ దగ్గరి ఓ చిన్న పవర్ హౌస్‌కు ఇంజనీరును మరి! కరీంనగర్‌లో మా బాపు ఎదురైన ప్రతివాడికీ ఆ సంగతి చెప్పేవాడు. పవర్ హౌస్ అంటే ఏముంది, నిజాం కాలం నాటి ఒక్క బాయిలరు, దాని మీద ఆధారపడ్డ ఒక ఊరు.

ఆ బాయిలరు సంగతి నాకన్నా బాగా తెలిసినవాడు మా ఫిట్టరు. యాభై దాటిన మనిషి, అందరం మేస్త్రీ అనేవాళ్లం. లోపల మంట పోయే గొట్టాలు నలభై. బాయిలరు చల్లారాక ముందు తలుపు తీసి, ఒక్కో గొట్టంలోకి పొడుగు కడ్డీ దూర్చి, తట్టి, చెవి ఒగ్గి వినేవాడు. గట్టి గొట్టం ఖంగుమంటుందట, పలచబడ్డది డబడబమంటుందట. నాకు మాత్రం అన్నీ ఒకేలా వినపడేవి. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఆ ఏడు దసరా ముందర మేస్త్రీ ఉన్నమాట చెప్పేశాడు. "అన్ని మార్చాలె సారూ. గిన్నొద్దులు అతుకులేసుకుంట వచ్చినం. ఇగ దీని పానం అయిపోయింది."

"కొత్తయి వచ్చేదాంక ఊరంత చీకట్ల కూసోవాల్నా మేస్త్రీ? స్టోర్ల పది ఉన్నయి. మరీ పాడైనయి పది ఏరు, సాలు."

ఆయన నిట్టూర్చాడు. మర్నాడంతా తట్టి తట్టి విని, పది గొట్టాల మూతుల చుట్టూ సుద్దతో సున్నాలు చుట్టాడు. "నేనొచ్చినంకనే పని వెట్టుకుందాం సారూ" అని పండుగకు బోథ్ దగ్గరి తన ఊరికి పోయాడు.

దసరాకు మా దగ్గర యంత్రాలకు పూజ. "అంత అద్దం లెక్క మెరవాలె" అని హుకుం వేసింది నేనే. బొగ్గు మోసే ఆడవాళ్లు పాపం ఎంత భక్తిగా చేశారో! తెరిచి ఉన్న తలుపు లోపల కూడా మసి కడిగి, నలభై మూతులకూ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. సుద్ద గుర్తు ఒక్కటి మిగల్లేదు. దండం పెట్టుకుందామని వచ్చి చూసి నిలువునా నీరైపోయాను. వాళ్లనేం అంటాను?

పండుగ వెళ్లింది. వాగు పొంగి మేస్త్రీ రాలేదు. దీపాల్లేవని ఊరివాళ్లు, ఆలస్యమెందుకని పైవాళ్లు నన్ను పరేషాన్ చేశారు. ఇంకో రెండు రోజులు ఆగితే నా సొమ్మేం పోయేది? ఆగలేదు. గుర్తున్నవి కొన్ని, ఊహించినవి కొన్ని కలిపి పది గొట్టాలు మార్పించి మంట వేయించాను.

మేస్త్రీ వస్తూనే కంగారుగా అడిగాడు. "నేను రాకముందే అయిందా సారూ? నా గుర్తులు చూసే మార్చిండ్రు గదా?"

లేదంటే బాయిలరు మళ్లీ ఆర్పాలి. నా తెలివి ఊరంతా తెలిసిపోతుంది. "చూసే మార్చినం. ఫికర్ చెయ్యకు" అన్నాను.

"గట్లయితే మంచిదే" అన్నాడు. నన్ను నమ్మాడు.

మూడు వారాల తర్వాత బొగ్గు వేసేవాడికి జ్వరమొస్తే మేస్త్రీయే పార పట్టాడు. పొయ్యి తలుపు తీశాడో లేదో, లోపల గొట్టం పగిలి ఆవిరీ నిప్పులూ ఆయన మీద పడ్డాయి.

ఆసుపత్రిలో అరిటాకుల మీద పడుకోబెట్టారు. ఆయన భార్య పక్కన కూర్చుని విసురుతోంది. నన్ను చూడగానే అడిగాడు. "ఏ గొట్టం సారూ?"

"కింది వరుసల, కుడిదిక్కు రెండోది."

"దానికి సున్న చుట్టినట్టే యాదికుండె. చుట్టలేనా?"

నేను ఆయన భార్య చేతిలోని విసనకర్ర అందుకుని విసరడం మొదలుపెట్టాను.

"చుట్టనట్టుంది. ముసలోన్నయిన, చెవులు పనిచేస్తలేవు. మీ పేరు ఖరాబు చేసిన, మాఫ్ చెయ్యుండ్రి సారూ."

థూ, నా బతుకు! "తప్పు నాది మేస్త్రీ" అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ మాటకే నోరు రాలేదు. ఆయన మర్నాడే పోయాడు.

ఆ తర్వాత బాయిలరు ఆర్పేశాం. ఊరు చీకట్లోనే కూర్చుంది. కొత్తవి తెప్పించి నలభై గొట్టాలూ మార్చాం. పెద్దతనంలో చెవులు మోసం చేశాయి పాపం అని ఊరంతా అనుకుంది. ఆయన చెవులు చెడలేదని ఆయన భార్యకు కూడా నేను చెప్పలేదు.