పత్తిలో చుట్టిన చాకు

డిగ్రీ పాసయ్యానండీ! ఫస్ట్ క్లాసు. మా నాన్న వైపు చూసినా అమ్మ వైపు చూసినా కాలేజీ గుమ్మం తొక్కి పట్టా తెచ్చుకున్న మొదటి మనిషిని నేనే. ఫోన్లో రిజల్టు చూసి నేను అరిచిన అరుపుకి, మా వీధిలో మిరపకాయల తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళంతా ఏ పామో కరిచిందనుకుని లేచొచ్చారు. ఈ ఊపులో ఉండగానే మిగతాది కూడా చెప్పేస్తాను. ఊపు తగ్గితే నోరు రాదు. ఆ ఫస్ట్ క్లాసు నాకు తెచ్చిపెట్టింది ఒక చాకు. దాన్ని నా చేతులారా చంపుకున్నాను.

నాకు చాకుల పిచ్చి. కూరగాయలు కోసేవి కాదు, పాతకాలం మగాళ్ళు రొంటిన దోపుకుని తిరిగిన మడత చాకులు. గేదె కొమ్ముతో చేసిన పిడి, దానికి ఒకటే ఇత్తడి మేకు, వేపాకులా వంపు తిరిగిన అలుగు, అంటే కోసే రేకు. స్ప్రింగు గట్రా ఏమీ ఉండదు. బొటనవేలి గోరు పెట్టి లాగితే బిగుతుగా తెరుచుకుంటుంది. మావైపు కొమ్ము చాకు అంటారు. మొదటిది మా అమ్మ వాళ్ళ నాన్నది. పచ్చి పత్తికాయ కోసి లోపల పురుగుందో లేదో దాంతోనే చూసేవాడు. ఆయన పోయాక దాణా డబ్బాలో పడుంటే తెచ్చుకున్నాను. తర్వాత అద్దంకిలో పాత ఇనప సామాన్ల వాడి దగ్గర రెండు, చీరాలలో మగ్గం మానేసిన ఒక పెద్దాయన దగ్గర ఒకటి, ఇలా పదకొండు చేరాయి. అన్నీ ఒక రేకు డబ్బాలో, నూనె గుడ్డలో పడుండేవి.

"ఏమే, పెళ్ళిచూపులకొచ్చినోళ్ళు ఆ డబ్బా మూత తీశారంటే చెప్పులు కూడా వదిలేసి పరిగెత్తుతారే!" అనేవాడు నాన్న.

"పరిగెత్తేవాడు మనకెందుకు నాన్నా?"

వాటిల్లో ఏడింటికి అలుగు మొదట్లో చిన్న నెలవంక కొట్టి ఉంది. చేసినవాళ్ళ గుర్తన్నమాట. నేను చదివేది హిస్టరీ. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు రాయాలి. ఆ నెలవంక పట్టుకుని ఊరూరా అడుక్కుంటూ పోతే, సత్తెనపల్లి అవతల ఒక ఊళ్ళో స్ప్రేయర్లు బాగుచేసే కొట్టు ముందు ఒక సాయిబు తాత దొరికాడు. కొట్టు కొడుకుది. తాత పక్కన గోనెపట్టా వేసుకుని కొడవళ్ళకి పదును పెడుతున్నాడు. నా డబ్బా తెరిచి చూపించగానే ఒక్కొక్కటీ తీసి తెరిచాడు, మూశాడు.

"ఇది నేను చేసింది. ఇదీ నాదే. ఇది మా నాన్నది. ఇదిగో, ఇది ఎవడో దొంగ నా కొడుకు మా గుర్తు కొట్టి అమ్మింది."

తర్వాత తన రొంటిలోంచి ఒకటి తీశాడు. మాదిరి చాకట. వాళ్ళ నాన్న మొదట చేసింది. ఆ తర్వాత ఏ చాకు చేసినా పిడి దీని మీద పెట్టి కొలుచుకునేవాళ్ళట. చెయ్యడం మానేసి చాలా ఏళ్ళయినా పొద్దున్నే దాంతోనే వేపపుల్ల కోసుకుంటాడు. తెరిస్తే టక్కుమంది. మూస్తే ఇంకో టక్కు. నెలవంక నిన్న కొట్టినట్టుంది.

"నీ కళ్ళు దీన్నే తినేస్తన్నాయి పిల్లా. ఇవ్వను. నేను పోయాక కూడా ఇవ్వను."

"వద్దు తాతా. ప్రాజెక్టుకి ఒక్క నెల ఇవ్వు చాలు."

"కాలేజీలో మా నాన్న పేరు చెప్తావా? అందరి ముందూ?"

"చెప్తాను, రాస్తాను కూడా."

ఇంకోసారి తెరిచి, మూసి ఇచ్చాడు. ఇస్తూ ఒక మాటన్నాడు. "రోజూ నాలుగుసార్లు తెరిచి మూయి. వారానికో నూనె చుక్క వెయ్యి. చాకు పనిచేసే వస్తువు. పడుకోబెడితే చస్తుంది."

విన్నాను. తలూపాను. ఇంటికొచ్చి నాకు తోచింది చేశాను. అప్పటికి మ్యూజియంలో వస్తువులెలా దాస్తారో నాలుగు వీడియోలు చూసున్నాను. పాత వస్తువుని ముట్టుకోకూడదు, వాడకూడదు. తాత రాసిన నూనె మొత్తం తుడిచేశాను. పదకొండు చాకులున్న ఆ జిడ్డు గుడ్డలో దీన్ని పెట్టబుద్ధి కాలేదు. కొత్త స్టీలు డబ్బా కడిగి పెట్టాను.

మా ఇళ్ళల్లో పగిలేది ఏదైనా, విలువైనది ఏదైనా పత్తిలోనే పెడతాం. గుడ్లు, గాజులు, అమ్మ కమ్మలు అన్నీ పత్తిలోనే. ఆ యేడు పత్తి తీతలప్పుడు వానలు పడ్డాయి. కొనుగోలు కేంద్రం వాళ్ళు తేమ ఉందని మా పత్తి మొత్తం వెనక్కి పంపారు. అది ముందుగదిలో దూలం దాకా పేర్చి ఉంది. నాన్న దాని పక్కనే పడుకుని రోజూ తిట్టేవాడు. "తేమా లేదు గీమా లేదు. ఎండుటాకులా గలగలమంటంది. రేటు తగ్గించడానికి నాటకాలు!" నాన్న అన్నాడంటే మాకు అంతే. వాళ్ళ తేమ కొలిచే మిషను దొంగది, మాది పొడి పత్తి. నేను చాకు సంగతి చెబితే నాన్నే ఆ కుప్పలో చెయ్యి పెట్టి, తెల్లటిది, పొడుగు పింజె ఉన్నది ఏరి ఇచ్చాడు. "కాలేజీవాళ్ళకి మన పత్తి చూపించు" అన్నాడు. గింజలతో సహా డబ్బా నిండా కూరి, చాకు మధ్యలో పెట్టి, మూత బిగించాను.

ప్రాజెక్టు చూపించే రోజు వారం తిరక్కుండానే వచ్చింది. అప్పటికి చాకుకి ఏమీ కాలేదు. మేడం అడిగింది, "పాత ఇనుముని తేమ నుంచి ఎలా కాపాడతావమ్మా?" అని. నేను దాని మీదే నాలుగు పేజీలు రాశాను. గడగడా చెప్పాను. చప్పట్లు కొట్టారు. తాత వాళ్ళ నాన్న పేరు రెండుసార్లు పైకి చదివాను. చాకు మళ్ళీ పత్తిలో పెట్టేశాను.

తర్వాత పరీక్షలు. తర్వాత రిజల్టు కోసం చూడ్డం. ఒక్క నెలన్నది మూడున్నర నెలలైంది. డబ్బా తెరవలేదు. తెరవకపోవడమే జాగ్రత్త అనుకున్నాను.

రిజల్టొచ్చిన మర్నాడు పొద్దున్నే స్వీట్లు, ప్రాజెక్టు పుస్తకం, డబ్బా పట్టుకుని బస్సెక్కాను. కొట్టు ముందు దిగుతూనే, "తాతా, ఫస్ట్ క్లాసు!" అని కేకేశాను. తాత లేచి నిలబడ్డాడు. కొట్లో ఉన్నవాళ్ళందరికీ తనే స్వీట్లు పంచాడు. పుస్తకం నా చేతికిచ్చి, "చదువు. గట్టిగా" అన్నాడు. చదివాను. వాళ్ళ నాన్న పేరొచ్చిన చోట ఆపమన్నాడు. చప్పుడు అడ్డమొస్తోందని కొడుకుని కొట్లో మోటారు కట్టెయ్యమన్నాడు. మళ్ళీ చదివించుకున్నాడు. ఆ జోరులో ఆ నాలుగు పేజీలు కూడా మొదలెట్టాను.

"ఇలాంటి చాకులని నూనె తుడిచి, పొడి పత్తిలో చుట్టి..."

"ఎక్కడ పెట్టావన్నావు?"

డబ్బా ఇచ్చాను. మూత తీశాడు. ముక్కిపోయిన వాసన గుప్పుమంది. పత్తి గోధుమరంగు మరకలు కట్టింది. తాత చాకు జోలికి పోలేదు. ముందు పత్తిలోంచి ఒక గింజ తీసి పంటి కింద పెట్టి కొరికాడు. ఎండిన గింజైతే పటుక్కుమంటుంది. పత్తి పండించేవాళ్ళ పిల్లని, ఈ సంగతి నాకు నడక రాకముందే తెలుసు. ఇది మెత్తగా నలిగింది. చప్పుడు లేదు.

"మీ చేలోదేనా?"

"అవును తాతా."

గింజ పక్కకి ఉమ్మేశాడు. చాకు తీశాడు. పిడికి తెల్లటి బూజు, మేకుకి పచ్చటి చిలుము. గోరు పెట్టి లాగాడు. రాలేదు. కొడుకు కిరసనాయిలు తెచ్చి పోశాడు, పట్టకారుతో లాగాడు. పిడి చిటుక్కుమని నిలువునా చీలి అలుగు బయటికొచ్చింది. తుప్పు పొరలు పొరలుగా రాలింది. నెలవంక ఉండాల్సిన చోట గుంటలు.

"నేను... బాగుచేయిస్తాను తాతా" అన్నాను. ఎవరి చేత? చేసేవాడు ఆయనొక్కడే.

తాత తిట్టలేదు. తిడితే ఇప్పుడు ఇంత బాధ ఉండేది కాదు. చాకు నా పుస్తకం మీద పెట్టి రెండూ కలిపి నావైపు జరిపాడు.

"ఉంచుకో. ఆవేళ నీ కళ్ళు దీన్నే తినేశాయిగా."

వద్దు అనాలి. తీసుకున్నాను. అది దొరికితే చాలని చూసిన రోజు నుంచీ కలలుకన్న చెయ్యి కదా, నేనాపేలోపే చాచేసింది.

ఇంటికొచ్చేసరికి నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. చాకు చేతిలో చూశాడు. తిరిగివ్వలేదేం అని అడిగాడు.

"నన్నే ఉంచుకోమన్నాడు నాన్నా."

ఆయన మొహం వెలిగిపోయింది. చీలిన పిడి వైపు చూడనైనా లేదు. "విన్నారా, ప్రాణం పోయినా ఇవ్వనన్న చాకు! మా అమ్మాయి ఫస్ట్ క్లాసు తెచ్చుకుందని సాయిబు గారు చేతిలో పెట్టి పంపించారు!" అని వీధి మొత్తానికీ చెప్పాడు. నిజం చెప్పాలంటే ఆ గింజ సంగతి కూడా చెప్పాలి. కేంద్రంవాళ్ళు చెప్పింది నిజమేనని నాన్నకి నా నోటితో చెప్పాలి.

"అంతేగా?" అన్నాడు నావైపు తిరిగి.

అవునన్నాను.