పంతొమ్మిది ఆయుధాల మనిషి

నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. లెక్కలు మాత్రం ఆగలేదు. విజయవాడలో ఒక కలప అడితిలో పనిచేస్తూ, దుంగ పొడవు, చుట్టుకొలత చూసి ఘనపుటడుగులు నోటితోనే చెప్పేవాణ్ణి. డెబ్బయ్యో దశకం మధ్యలో ఆ లెక్కే నన్ను ఒక బొమ్మ పనిలోకి దించింది.

గాంధీనగర్‌లో సినిమా బ్యానర్లు రాసే మేస్త్రీ గారొకరు చట్రాలకు మా దగ్గరే కలప తీసుకునేవారు. ఆ షాపుల్లో ఒక పద్ధతి ఉంది. చొక్కాలు, చీరలు, అక్షరాలు ఎవరైనా రాయొచ్చు. ముఖాలు మాత్రం పెద్ద మేస్త్రీయే రాయాలి. ముప్పై ఏళ్ళు ముఖాలు రాసిన ఈయన్ని ఓనరు ఆ ఏడాది చొక్కాలకు మార్చాడు. హీరోయిన్ కన్ను ఒకటి చెవి పక్కకు వెళ్ళిపోయిందట.

"మళ్ళీ ఒక్క ముఖం సరిగ్గా రాసి చూపించానంటే ఓనరు నోరు మూతబడుద్ది," అనేవారు మేస్త్రీ.

ఆ అవకాశం ఒక కంటి డాక్టరమ్మ గారి దగ్గర దొరికింది. మిషన్ బడిలో చదివి ఇంగ్లండు వెళ్ళొచ్చిన ఆవిడ అక్కణ్ణించి ఒక పుస్తకం తెచ్చుకున్నారు. అయిదు వందల ఏళ్ళ కిందట ఇటలీలో వేసిన వైద్యపు బొమ్మలు. వాటిలో ఒకడు, ఒంటినిండా కత్తులు, బాణాలు, దుడ్డుకర్రలు దిగబడి, నింపాదిగా నిలబడి ఉంటాడు. ఏ దెబ్బ ఎక్కడ తగులుతుందో వైద్యులకు గుర్తుండటానికట. వాణ్ణి ఆరడుగుల చెక్క మీద రంగుల్లో రాయించి, రోగులు కూర్చునే కొత్త హాల్లో పెడతామన్నారు.

"కంటి ఆపరేషనంటే అందరూ హడలిపోతున్నారండీ. ఈయన్ని చూస్తే ధైర్యం వస్తుంది కదా!"

చెక్క కొలతల కోసం వెంట వెళ్ళిన నేనూ, మేస్త్రీ తలూపాం.

బయటికొచ్చాక మేస్త్రీ అసలు సంగతి చెప్పారు. రెండు కళ్ళకూ శుక్లాలు. చెక్క మీద లావు గీతలు లీలగా కనపడతాయి గానీ, పుస్తకంలో బొమ్మ అసలు కనపడదు.

"ఆవిడ కంటి డాక్టరే గదండీ, చూపించుకోండి," అన్నాను.

"ఆపరేషను చేస్తే సోడాబుడ్డి అద్దాలు పెడతారు. ఆ అద్దాలోడికి ముఖం ఎవడిస్తాడయ్యా? ఆవిడకి తెలియనియ్యమాక. నువ్వు లెక్క చెప్పు, నేను గీస్తా."

లెక్క సులువే. పేజీ ఎత్తు తొమ్మిదంగుళాలు, వెడల్పు ఆరు. పైన పల్చని కాగితం అంటించి అరంగుళం గళ్ళు గీశాను. పద్దెనిమిది వరసలు, వరసకు పన్నెండు, మొత్తం రెండువందల పదహారు. చెక్క మీద గడి నాలుగంగుళాలు. అంటే ఎనిమిది రెట్లు. "ఆరో వరస, మూడో గడి, ఎడమ నుంచి పావు వదిలి కత్తి పిడి," అని నేను చదివేవాణ్ణి. ఆయన గీసేవారు. ముఖం పడే నాలుగు గళ్ళూ చివరికి ఉంచారు.

"ఏడుస్తున్నాడా?" అనడిగారు ఒకరోజు.

"లేదండీ. బస్సు కోసం నిలబడ్డట్టున్నాడు."

"అన్ని దిగబడితేనా? మా సినిమాల్లో ఒక్క కత్తికే అర రీలు అరుస్తారు!"

నెల తిరిగేసరికి ముఖం తప్ప అంతా అయింది. ఆయుధాలు లెక్కపెట్టాను. పుస్తకంలో ఇరవై, చెక్క మీద ఇరవై. డాక్టరమ్మ గారిని ధైర్యంగా పిలిచాను.

ఆవిడ చూసుకుంటూ వచ్చి తొడ దగ్గర ఆగారు. "ఇదేమిటండీ?"

"పన్నెండో వరస, ఏడో గడి," అన్నాను.

"అది కాదండీ. ఇది ఏ ఆయుధం?"

నల్లగా, నాలుగంగుళాల పొడవున, ఆరు కాళ్ళతో ఉంది. మేస్త్రీ దానికి మెరుపు కూడా అద్దారు. డాక్టరమ్మ గారు పుస్తకం తెరిచి, పల్చని కాగితం ఎత్తారు. కింద నలిగిన దోమ! కాగితం అంటించేటప్పుడు నేనే అదిమినట్టున్నాను. ఆయుధాలు పంతొమ్మిదే.

"ఈయనంటే లెక్క చూసుకున్నారు. మీరు బొమ్మ చూడలేదా మేస్త్రీ గారూ?"

ఆయన తల తిప్పుకుని కుంచె తుడవసాగారు. ఆవిడ అనుమానంగా చెయ్యెత్తారు. "ఎన్ని వేళ్ళు?"

"మూడు," అన్నాను నేను. నెల రోజుల అలవాటు.

"మిమ్మల్ని కాదండీ!"

మేస్త్రీని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి రెప్పలెత్తి చూశారు. "రెండూ ముదిరిపోయాయి. సోమవారం ఒకటి తీసేద్దాం."

"ముఖం రాశాక చూద్దాం అమ్మగారూ."

"కనపడకుండా రాసే ముఖం నాకెందుకండీ? ఆ చోటు మీకే ఉంచుతాను. ఇంకెవరితోనూ రాయించను."

అన్నమాట ప్రకారం హాలు ముఖం లేని మనిషితోనే తెరిచారు. కట్టు కట్టుకుని పక్క వార్డులో పడుకున్న మేస్త్రీకి హాల్లో మాటలన్నీ వినపడేవి. మైలవరం నుంచి వచ్చిన పెద్దాయనొకడు, "కంటికి చూపిద్దామనొస్తే వీడి మొహమే పీకేశారు, చూడవే!" అని భార్యను లాక్కుని బస్సెక్కేశాడు.

రెండు నెలల తర్వాత మేస్త్రీ మందపాటి అద్దాలతో నిచ్చెనెక్కారు. నేను అలవాటుగా, "రెండో వరస..." అని మొదలుపెట్టాను.

"నువ్వుండవయ్యా," అని పుస్తకం లాక్కుని చాలాసేపు చూశారు. "నిజమే, అరవట్లేదు," అని గొణిగారు. మధ్యాహ్నం దాకా ఒక్క అంకె అడగలేదు. ముఖం పూర్తయ్యాక పోల్చి చూశాను. వేలెత్తి చూపే చోటు లేదు.

ఆ వారమే డాక్టరమ్మ గారు బ్యానర్ల ఓనరుకు కబురు పెట్టారు. అతనొచ్చి ముఖాన్నీ, మేస్త్రీ కళ్ళద్దాలనూ మార్చి మార్చి చూశాడు.

"వీటితోనే రాశావా?"

"ఇవి తీస్తే తమరే కనపడరు."

ఓనరు బొమ్మ ముఖానికి దగ్గరగా వెళ్ళి చూసొచ్చాడు. "హీరో ముఖం ఇప్పుడే ఇవ్వలేను. వచ్చే సినిమా బ్యానరు మీద హీరోయిన్ తండ్రి ఉన్నాడు, ఓ మూలన. రెండడుగులు."

"రెండున్నరన్నా ఇవ్వండి," అన్నారు మేస్త్రీ. "మీసం పట్టొద్దూ?"